"కొత్త హార్డ్ డిస్కే సార్" అంటే నమ్మకండి: నా 17,500 ఎలా పోయాయో చదవండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు నుంచి సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ కోసం శ్రీకాకుళం వెళ్లేవాళ్లు ముందు ఇది చదివి, తర్వాత బస్సెక్కండి. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు అమ్మేది ఆ ఒక్క షాపేనని నేను అనుకోవడం లేదు.

నాది పర్లాకిమిడిలో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. ఒకే పెళ్లికి మగపెళ్లివారికి తెలుగులో, ఆడపెళ్లివారికి ఒడియాలో కార్డులు కొట్టే ఊరు మాది. సిస్టమ్‌లో అటు అనూ ఫాంట్లు, ఇటు ఆకృతి ఫాంట్లు రెండూ ఉండాల్సిందే. మాఘమాసం ముహూర్తాల ముందు పాత సిస్టమ్ మూలపడింది. శ్రీకాకుళంలో 17,500కి ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ డిస్కుతో ఒకటి తీసుకున్నాను. "ప్రాసెసర్, బోర్డు వాడినవే సార్, డిస్కు మాత్రం సీల్ ఓపెన్ కొత్తది" అన్నాడు. ఐ5 అంటే ఏ జనరేషన్ అని అడగాలని అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే మూడో జనరేషన్, అంటే 2012 నాటి సరుకు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. సరే, పెళ్లికార్డులకు అది చాలులే అని సర్దుకున్నాను.

పదకొండో రోజు పేజ్‌మేకర్‌లో (కార్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైల్ సేవ్ చేస్తుంటే బ్లూ స్క్రీన్ వచ్చి సిస్టమ్ ఆగిపోయింది. రెండు రోజులకు మళ్లీ. ఆ తర్వాత ఒక పొద్దున్న ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద తెల్లక్షరాలు, "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని. ఫోన్ చేస్తే "విండోస్ కరప్ట్ అయ్యుంటుంది, తెచ్చేయండి, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. సీపీయూని ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. ఫార్మాట్‌కి 500. పది రోజులు బాగానే నడిచింది, మళ్లీ అదే వరస. రెండోసారి "మీ ఒరిస్సాలో వోల్టేజ్ సరిగా ఉండదు కదండీ" అన్నాడు. మూడోసారి "బస్సు కుదుపులకి కేబుల్ లూజయ్యింది" అన్నాడు. మూడు ఫార్మాట్లకి 1,500, బస్సు చార్జీలు వేరే, పోయిన కార్డు డిజైన్లకి లెక్కే లేదు.

నాలుగోసారి వెళ్లకుండా ఆపింది మా మేనల్లుడు. వాడు చేసిన పద్ధతి చెప్తాను, మీకూ పనికొస్తుంది. అన్నీ ఒకేసారి మార్చకుండా ఒక్కో పార్టునే అనుమానించాడు. రోజూ టైమ్, డేట్ వెనక్కి పోతోంది కాబట్టి ముందు బోర్డు మీద 2032 నాణెం బ్యాటరీ మార్చాడు. డేట్ సరిపోయింది, క్రాష్ ఆగలేదు. ర్యామ్ పీకి, ఆ బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టి, విండోస్ మెమరీ టెస్ట్ వేశాడు. తప్పు ఏమీ రాలేదు. నా పాత సిస్టమ్ ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే డబ్బా) తెచ్చి తగిలించాడు, అయినా బ్లూ స్క్రీన్. చివరికి డిస్కు కేబుల్ ఊడదీసి, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితం) నడిపాడు. మూడు గంటలు కదలకుండా నడిచింది. అంటే బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్ మీద అనుమానం దాదాపు తీరినట్టే.

ఆ తర్వాత కొత్త కేబుల్‌తో డిస్కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచాడు. హెల్త్ దగ్గర పసుపు రంగులో "కాషన్" అని ఉంది. పవర్ ఆన్ అవర్స్ 38,216. ఆన్ చేసిన సార్లు 212. "మావయ్యా, ఇది నాలుగేళ్లకి పైగా ఆపకుండా తిరిగిన డిస్కు. సీసీ కెమెరా రికార్డింగ్ పెట్టె, అదే డీవీఆర్‌లోంచి తీసిందయ్యుంటుంది" అన్నాడు. నేను కొని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు! డిస్కు మీది సీరియల్ నంబరు తయారీ కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయినట్టు చూపించింది.

ఫార్మాట్ కొట్టాక పది రోజులు ఎందుకు నడిచేదో కూడా అప్పుడే అర్థమైంది. రాసేటప్పుడు ఏదైనా సెక్టార్ (డిస్కు మీద డేటా ఉండే చిన్న గడి) పాడైందని తెలిస్తే, డిస్కు తన దగ్గర దాచుకున్న స్పేర్ సెక్టార్‌కి ఆ డేటాని మళ్లిస్తుంది. కొత్త విండోస్ వేస్తే పైకి అంతా శుభ్రంగానే కనపడుతుంది. లోపల మాత్రం కొత్త సెక్టార్లు పాడవుతూనే ఉంటాయి. అమ్మినవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

కాబట్టి డబ్బులిచ్చే ముందు షాపులోనే ఆ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి నడపండి. పై వరసలో గంటలు చూడండి. కింద 05 (ఇప్పటికే స్పేర్‌కి మళ్లించిన సెక్టార్లు), సీ5 (పాడైనట్టు అనుమానం ఉన్నవి) అనే వరసల్లో చివరి అంకెలు సున్నాలు కాకపోతే ఆ డిస్కు వద్దు. అవి హెక్స్‌లో, అంటే అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కలిసిన లెక్కలో కనపడతాయి, తికమక పడకండి. సీ7 (డేటా కేబుల్‌లో వచ్చే తప్పులు) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడొచ్చు. "పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం, వైరస్ వస్తుంది" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. బిల్లు మీద డిస్కు సీరియల్ నంబరు రాయించండి. నా చేతికిచ్చింది తెల్ల కాగితం మీద కచ్చా బిల్లు, దాని మీద "టెస్టింగ్ వారంటీ" అని ఒక రబ్బరు స్టాంపు. అదృష్టం కొద్దీ డబ్బు ఫోన్‌పేలో కట్టాను, ఆ రుజువు మిగిలింది.

గట్టిగా అడిగితే షాపతనన్న మాట ఇది: "మీరు ఒరిస్సా, మేం ఆంధ్రా. కేసేత్తే ఎక్కడేత్తారండీ?" ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తన సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, షాపు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నమోదు చేయించాను. నాలుగో రోజు అతనే ఫోన్ చేశాడు. ఈసారి గొంతు మారింది. "డిస్కు పంపేయండి సార్, మార్చి ఇచ్చేత్తాను" అన్నాడు.

పంపలేదు. ఆ డిస్కు, దాని స్క్రీన్ ఫోటో, సీరియల్ నంబరు నా సొరుగులోనే ఉన్నాయి. సీలు తీయని డబ్బా, పక్కా బిల్లు ముందు ఇక్కడికి రావాలని చెప్పాను. "చూత్తాను" అన్నాడు.