పొగతోటలో గుండెకి సెకండ్ ఒపీనియన్: స్టెంటా, బైపాసా, మందులా?

నెల్లూరులో గుండె జబ్బు అనగానే ముందు వినపడే మాట "మద్రాసు తీసుకుపోండి". మేం పోలేదు, పొగతోటలోనే ఇంకో ఆసుపత్రిలో చూపించాం. పేరు రాయను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి.

మా నాయనకి ఎప్పట్నుంచో షుగర్. యాంజియోలో (గుండె నాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు కనపడ్డాయి. మొదట చూసిన చోట నాయన ఇంకా టేబుల్ మీద ఉండగానే బయటికొచ్చి "స్టెంట్లు వేసేస్తాం, సంతకం పెట్టండి" అన్నారు. ఆ టెన్షన్‌లో అన్న పెన్ను కూడా తీశాడు, అమ్మే "సీడీ ఇవ్వండి, ఇంట్లో మాట్లాడుకుని వస్తాం" అంది.

ఈ రెండో డాక్టరు ఆ సీడీ కంప్యూటర్లో పెట్టి, మాకు కాదు, నాయనకే చూపించాడు. ఏ నాళం ఎక్కడ మూసుకుపోయిందో చీటీ వెనక బొమ్మ గీశాడు. షుగర్ ఉండి మూడు నాళాలూ పాడైతే స్టెంట్ల కంటే బైపాసే మేలని, 2012లో వచ్చిన ఫ్రీడమ్ అనే ట్రయల్‌లో 1,900 మంది షుగర్ పేషెంట్లని గమనిస్తే బైపాస్ వాళ్లలో చావులూ గుండెపోట్లూ తగ్గాయని చెప్పాడు. పక్షవాతం రిస్కు మాత్రం బైపాస్‌లోనే కాస్త ఎక్కువని కూడా దాచకుండా చెప్పాడు, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మరి కావలిలో బాబాయికి స్టెంటే ఎందుకు వేశారు అనడిగాను. ఆయనకి వచ్చింది గుండెపోటు, అప్పుడు నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, ఎంత తొందరగా తెరిస్తే కండరం అంత మిగులుతుంది, అక్కడ చర్చలు పెట్టుకుంటే మనిషి దక్కడు అన్నాడు. ఉదయగిరి లాంటి చోట స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌కి చేరేలోపే ఆలస్యమైపోతుంది కాబట్టి ముందు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పంపడమే దారి. ఇక ఒంగోలు మామయ్యది ఇంకో రకం, మెట్లెక్కితేనే నొప్పి, కూర్చుంటే పోతుంది. ఇలాంటి నిలకడగా ఉన్న జబ్బు మీద 5,179 మందితో ఇస్కీమియా అనే ట్రయల్ చేశారు, ముందే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన చావులు తగ్గలేదు, నొప్పి మాత్రం బాగా తగ్గింది. గుండెకి వెళ్లే ఎడమవైపు ప్రధాన నాళంలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లని అందులో చేర్చలేదు, అది వేరే లెక్క. మామయ్య ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మాత్రలు వేసుకుంటూ నడుస్తున్నాడు.

"ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తాం" అని బోర్డులుంటాయి కదా, కాళ్లకి పట్టీలు చుట్టి గాలి కొట్టే ఈఈసీపీ, దాని గురించి కూడా అడిగేశాను. స్టెంటు, బైపాస్ కుదరని వాళ్లకి నొప్పి తగ్గించడానికి పనికొస్తుంది, బ్లాకులు కరగవు, అంతే అన్నాడు.

నాయనకి అక్కడే బైపాస్ చేయించాం, ఆ తర్వాత చూసుకోవడం బాగుంది. ఫిజియో అమ్మాయి రోజూ వచ్చి మూడు బంతుల యంత్రంలో గాలి పీల్పించేది, దగ్గొస్తే దిండు ఛాతీకి గట్టిగా హత్తుకోమనేది. డైటీషియన్ చేపల పులుసు ఆపక్కర్లేదు, నూనె, ఉప్పు తగ్గించండి అనగానే నాయన మొహం చూడాలి!

తిట్లు బిల్లింగ్ కౌంటర్‌కి. ఏమడిగినా "ప్యాకేజీ సార్" అంటారు, అందులో ఏముందో ఎవరూ చెప్పరు. ఆరోగ్యశ్రీ అప్రూవల్‌కి మమ్మల్నే అటూ ఇటూ తిప్పారు. స్టెంటు వేయించుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, 2017 నుంచి స్టెంట్ల ధరకి కేంద్రం పరిమితి పెట్టింది, బిల్లులో బ్రాండు పేరు, బ్యాచ్ నంబరుతో స్టెంటు ధర విడిగా చూపించాలి, అడిగి తీసుకోండి.

టోకెన్ టైముకి ఏ సంబంధమూ లేదు, ఓపీకి పొద్దున్నే వెళ్లండి. యాంజియో సీడీ మర్చిపోవద్దు, రిపోర్టు కాగితం ఒక్కటే చూసి ఈ డాక్టరు ఏమీ చెప్పడు.