సంచీడు పాత గోల్ఫ్ బంతులు, వాటి మీది రాతలు

వాడేసిన గోల్ఫ్ బంతులు ఒక సంచీ తెప్పించాను. మొత్తం 24. ‘ఏ గ్రేడ్, కొత్తవాటికి ఏమాత్రం తీసిపోవు’ అన్నారు అమ్మినవాళ్లు. వాళ్లెవరో చెప్పను గానీ, నెలన్నర ఆడాను కాబట్టి సంచీ సంగతి చెబుతాను.

రాగానే దుప్పటి పరిచి అన్నీ గుమ్మరించి, ముందు అంకెలు చూశాను. ఆట నేర్చుకునే రోజుల్లో 1 అంటే మేలురకం, 4 అంటే నాసిరకం అనుకునేవాణ్ణి. అదేం కాదు. డజను డబ్బాలో మూడేసి బంతుల పెట్టెలు నాలుగుంటాయి, పెట్టెకో అంకె. ఇద్దరూ ఒకే కంపెనీ బంతి ఆడుతుంటే నీదేది నాదేది అని తగువు రాకుండా ఆ ఏర్పాటు. 5 నుంచి 8 దాకా ఉన్నా కథ అదే. ఒక్క బంతి మీద మాత్రం 90 అని ఉంది. అది కంప్రెషన్, అంటే బంతి గట్టిదనం లెక్క. రబ్బరు దారం చుట్టి బంతులు చేసిన కాలం నాటి అలవాటు. 2000లో టైటిలిస్ట్ కంపెనీ దారం లేని బంతి ప్రో వి1 వచ్చాక ఆ దారం బంతులు చూస్తుండగానే మాయమయ్యాయి. అంటే కొత్తదానికి తీసిపోదని నాకు అంటగట్టింది పాతికేళ్ల ముసలిదాన్నన్నమాట! కోపం రావాలి, రాలేదు. బల్ల మీద పెట్టుకున్నాను.

కోపం వచ్చింది ఇంకోచోట. ఆరు బంతులు మరీ తళతళలాడుతున్నాయి. కళ్లజోడు సవరించుకుని చూస్తే పేరు కింద చీమల్లాంటి అక్షరాల్లో ‘రీఫర్బిష్డ్’, అంటే పాతదానికే మళ్లీ రంగేసి కొత్తగా చేసింది. గోటితో గీకాను, రంగు పొరలా లేచింది. దాని కింద ఇంకో పేరు నీడలా కనబడుతోంది. డింపుల్స్‌లో, అంటే బంతి మీది చిన్న గుంటల్లో, రంగు పేరుకుని అంచులు మొద్దుబారాయి. బంతి గాలిలో తేలేదే ఆ గుంటల వల్ల! డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే కర్రతో, కొడితే ఆరూ ఆరు దారులు పట్టాయి. నా కొట్టుడూ ఒకేలా ఉండదనుకోండి.

రెండు బంతులకు పేరు మీద ఎక్స్‌ల వరస ఉంది. అచ్చులోనో రంగులోనో తేడా వస్తే ఫ్యాక్టరీవాళ్లే కొట్టే ముద్ర అది. నాకైతే ఏ తేడా తెలియలేదు, హాయిగా ఆడాను. కానీ ఆమోదించిన జాబితాలోని బంతులే వాడాలని పోటీలో నియమం పెట్టారంటే ఎక్స్‌లవీ, రీఫర్బిష్డ్‌వీ పనికిరావు. జాబితాలో ఉన్న రకమే అయితే ‘ప్రాక్టీస్’ అని ముద్ర ఉన్నా ఫర్వాలేదట. తిరకాసు కాకపోతే ఏమిటి!

గీతలున్న బంతులు మాత్రం కలిసొచ్చాయి. ప్రో వి1 పేరుకి రెండు పక్కలా బాణాలుంటాయి, పటింగ్‌లో, అంటే బంతిని గుంతలోకి దొర్లించేటప్పుడు, గురి చూసుకోవడానికి. కాలవే కంపెనీ ట్రిపుల్ ట్రాక్ బంతికైతే ఏకంగా మూడు గీతలు. దగ్గరి పట్‌లకే వాడతాను. దూరమైతే నేను గీత సర్దుకునేలోపు వెనకవాళ్లు దగ్గడం మొదలెడతారు.

సంచీలో ఒక 3వ నంబరు బంతికి, అంకె కింద పాత యజమాని పెట్టుకున్న రెండు ఎర్ర చుక్కలున్నాయి. అవే చాలులే అని నా గుర్తు పెట్టలేదు. మా బాబాయ్‌దీ అదే కంపెనీ, అదే 3, రెండు ఎర్ర చుక్కలే. కాకపోతే ఆయనవి అంకెకు చెరో పక్క. గుబురు గడ్డిలో ఎరుపు కనబడగానే కొట్టేశాను. “ఒరేయ్, అది నాదిరా!” అన్నాడాయన. నాకు రెండు పెనాల్టీ స్ట్రోక్‌లు, అంటే లెక్కలో రెండు దెబ్బలు అదనం, మళ్లీ వెనక్కెళ్లి నా బంతి ఆడుకోవడం. ఆ సాయంత్రం మిగిలిన బంతులన్నిటికీ మూడేసి ఆకుపచ్చ చుక్కలు పెట్టాను.

24లో నిజంగా ఆడదగ్గవి 17. అందులో 5 ఇప్పటికే నీళ్లపాలు. సంచీకి అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. అందులో ఒకటి, ఆ 90 బంతికి.