సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

స్కాట్లండ్ తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్‌కు గోల్ఫ్ కోసం వెళ్లేవాళ్ల నోట ఓల్డ్ కోర్స్ అనే మైదానం పేరే వినిపిస్తుంది. నాకు అక్కడ ఆడే అదృష్టం దక్కింది. అయినా, అది దొరికితేనే యాత్ర, లేకపోతే లేదు అని మాత్రం పెట్టుకోకండి. సముద్రపు గాలిలో, ఇసుక నేల మీద ఆడటం ఎలా ఉంటుందో తెలియడానికి ఆ ఊళ్లో ఇంకా చాలా కోర్సులున్నాయి. వాటికి ఇంత తిప్పలూ లేదు, ఇంత ఖర్చూ లేదు.

ముందు ఓల్డ్ కోర్స్ సంగతి. ఇది ఎవరి సొంత క్లబ్బూ కాదు. లింక్స్ ట్రస్ట్ అనే సంస్థ నడిపే ఏడు కోర్సుల్లో ఇదొకటి, ఎవరైనా ఆడొచ్చు. 2025 వేసవిలో ఒక రౌండ్‌కు, అంటే పద్దెనిమిది హోల్స్ వరసగా ఆడటానికి, 340 పౌండ్లు తీసుకునేవారు. ముందుగా బుక్ చేసుకోలేనివాళ్లకు బ్యాలెట్ ఉంది. ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు లోపు పేర్లిస్తే లాటరీ తీస్తారు. కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు ఉండాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లకు వేరే డ్రా ఉంది, దానికి ముందురోజు స్వయంగా వెళ్లి పేరివ్వాలి. మీ ఆట స్థాయి చూపే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ మరిచిపోవద్దు. ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వేల (ఆట సాగే పచ్చిక దారుల) మీద షికారు చేస్తారు. మీరూ వెళ్లి, ఎక్కడ ఏ బంకర్ (బంతి చిక్కుకునే ఇసుక గుంట) దాక్కుందో నిదానంగా చూసుకోండి. పైసా ఖర్చు లేదు, ఎంతో పనికొస్తుంది.

బంకర్లు 112 ఉన్నాయి. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడితే వాటిలో చాలావరకు కనపడవు. ఇక గ్రీన్లయితే (బంతి పడాల్సిన గుంత ఉండే నున్నటి పచ్చిక) ఏడు చోట్ల రెండేసి హోల్స్‌కు ఉమ్మడిగా ఉంటాయి. ఏ జంట తీసుకున్నా ఆ హోల్స్ నంబర్లు కలిపితే 18 వస్తుంది. అంత పెద్ద గ్రీన్ మీద బంతి తప్పు వైపు ఆగిందంటే, పట్ (బంతిని గుంత వైపు దొర్లించే దెబ్బ) కొట్టడానికి భుజం అంతా వాడాల్సిందే.

అందుకే కేడీ (సంచి మోస్తూ సలహా ఇచ్చే మనిషి) దగ్గర పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. నాతో వచ్చిన పెద్దాయన గాలి ఎటు వీస్తోందో తెలియడానికి బంతి కన్నా ఎక్కువగా జెండాలనే చూసేవాడు. పదకొండో హోల్ చిన్న పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సినది), దాని వెనకే ఈడెన్ నది సముద్రంలో కలుస్తుంది. 1921లో ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ ఇక్కడి బంకర్‌లో చిక్కుకుని, విసిగిపోయి పోటీ వదిలేశాడు. ఆరేళ్లకు మళ్లీ వచ్చి ఇదే కోర్స్ మీద ఓపెన్ గెలిచాడు. నేను ఏడో నంబర్ ఐరన్ (నంబర్ తగ్గేకొద్దీ బంతి తక్కువ ఎత్తులో పోయే ఇనుప కర్ర) చేతిలోకి తీసుకోగానే కేడీ దాన్ని తిరిగి సంచిలో పెట్టి, ఐదో నంబర్ ఇచ్చి, "సగం ఊపు చాలు, బంతి నేల బారునే పోవాలి" అన్నాడు. ఎదురుగాలిలో బంతి పైకి లేచిందా, అంతే సంగతులు. ఆ ఒక్క మాట తరవాత ప్రతి కోర్స్‌లోనూ నాకు పనికొచ్చింది.

పదిహేడో హోల్ దగ్గర టీ ముందే ఓల్డ్ కోర్స్ హోటల్ షెడ్డు అడ్డంగా ఉంటుంది. దాని మీద రాసిన హోటల్ పేరులో ఫలానా అక్షరం మీదుగా కొట్టమని కేడీ చెబుతాడు. గాలిని బట్టి ఆ అక్షరం మారుతుంది. గ్రీన్ దాటితే తారు రోడ్డు, దాని పక్కన రాతి గోడ. బంతి రోడ్డు మీద ఆగినా అక్కడి నుంచే ఆడాలి.

బసకు ఆ హోటలే తీసుకోవాలా? కిటికీలోంచి కోర్స్ కనిపించడమే ముఖ్యమైతే తీసుకోండి, డబ్బు మాత్రం చాలా అవుతుంది. నాకు మర్రే పార్క్ వీధిలోని గెస్ట్‌హౌస్ ఎక్కువ నచ్చింది. అక్కడి నుంచి మొదటి టీకి నడిచే వెళ్లిపోవచ్చు. గది చిన్నదే, మెట్లు ఇరుకు. కానీ తడిసిన బూట్లు, రెయిన్‌కోట్లు ఆరబెట్టుకోవడానికి వేరే గది ఇచ్చారు. తరచూ జల్లు పడే ఊళ్లో ఆ సదుపాయం చాలా విలువైనది. గది బుక్ చేసుకునే ముందు ఇది అడిగి తెలుసుకోండి. వేసవి సెలవుల్లో యూనివర్సిటీ హాస్టల్ గదులు కూడా అద్దెకిస్తారు. తక్కువలో అయిపోవాలంటే అదే దారి.

న్యూ కోర్స్ పేరుకే కొత్తది, 1895 నాటిది. పాతకాలపు గోల్ఫ్ దిగ్గజం ఓల్డ్ టామ్ మోరిస్ చెయ్యి పడిన నేల. ఓల్డ్ కోర్స్ పక్కనే అదే గాలి, అదే గడ్డి, ఫీజు మాత్రం సగం కూడా కాదు. నా ఓటు దీనికే. జూబిలీ కోర్స్ సముద్రానికి ఇంకా దగ్గర, కాస్త కష్టం, చేయి తిరిగినవాళ్లు ఆడితే బాగుంటుంది. ఊరికి తూర్పున కొండ అంచున ఉన్న కాజిల్ కోర్స్ 2008లో తెరిచారు. దృశ్యాలు అద్భుతం, గ్రీన్ల ఎత్తుపల్లాలు మాత్రం నాకు మితిమీరినట్టు అనిపించాయి. కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ కోర్సులు రెండూ కారులో వెళ్లొచ్చేంత దూరంలోనే ఉన్నాయి. అయితే ఊళ్లోనే ఇన్ని ఉండగా, మొదటిసారి వచ్చినవాళ్లు వాటి కోసం రోజులు ఖర్చు పెట్టుకోవడం అనవసరం.

రాకపోకల విషయంలో ఒక జాగ్రత్త. ఎడిన్‌బరా విమానాశ్రయం నుంచి కారు కావాలని ఒక కార్ల కంపెనీకి ముందే రాసి, గోల్ఫ్ సంచులు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పాం. తీరా దిగాక వాళ్లు చిన్న కారు పంపారు, రెండో కారుకు విడిగా డబ్బు అడిగారు. తిరుగు ప్రయాణంలో 99 నంబర్ బస్సెక్కి లూకర్స్ స్టేషన్‌లో దిగి, రైల్లో ఎడిన్‌బరా చేరాం. సంచులతో సహా హాయిగా సాగింది.

గోల్ఫ్ ఆడని ఇంటివాళ్లు వెంట ఉంటే, ఓల్డ్ కోర్స్ పక్కనే హిమాలయాస్ అనే పట్టింగ్ మైదానం ఉంది. 1867లో మొదలైన మహిళల పట్టింగ్ క్లబ్‌ది. పట్టర్, బంతి వాళ్లే ఇస్తారు, కొద్ది పౌండ్లతో పని అయిపోతుంది. మైదానం మూసే వేళ ముందే కనుక్కుంటే, మీ రౌండ్ ముగించుకుని వచ్చాక కూడా వాళ్లతో ఆడొచ్చు.