75 ఫ్లెక్స్ ఐస్ హాకీ స్టిక్: నాలుగు చలికాలాలు వాడాక

కెనడాలోని కాల్గరీకి వచ్చేదాకా నాకు తెలిసిన ఆటల్లా టెన్నిస్ బంతి క్రికెట్టే. ముప్పై నాలుగేళ్ళకి స్కేట్లు కట్టుకుని, పెద్దవాళ్ళ బిగినర్ లీగ్‌లో చేరాను. మొదట కొన్నది 85 ఫ్లెక్స్ స్టిక్. షాపులో పెద్దవాళ్ళ సైజు ఏదంటే అదే చేతికిచ్చారు.

ఆ అంకె సంగతి అప్పుడు నాకు తెలియదు. కర్రను రెండు చివర్లా ఆనించి, నడుమ ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అదే ఫ్లెక్స్. 85 అంటే దాదాపు 39 కిలోలు. అదీ కోయని స్టిక్ లెక్క. నేనేమో నా ఎత్తుకు సరిపడాలని పైనుంచి మూడు అంగుళాలు కోయించాను. పొట్టిదయ్యేకొద్దీ కర్ర ఇంకా బిగుసుకుంటుంది. 70 కిలోల మనిషిని, రెండు చలికాలాలు గడ్డపారతో ఆడినట్టే ఆడాను. నేను కొట్టిన పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) మంచు మీద పాకుతూ వెళ్ళేది. ఒకసారి అవతలి గోల్‌కీపర్ దాన్ని ఆపి నాకు థాంక్స్ చెప్పాడు.

మన బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం ఫ్లెక్స్ తీసుకోమని ఇక్కడ ఒక మోటు లెక్క ఉంది. నాది 154 పౌండ్లు. అందుకే 75ది కొని, ఒక్క అంగుళమే కోయించాను.

తేడా మొదటి వారం ఏమీ తెలియలేదు, నిజం చెప్పాలి. ఎందుకంటే నేను ఇంకా క్రికెట్ బ్యాటులాగే చేతులతో ఊపుతున్నాను. ఈ కర్ర పనిచేసే తీరు వేరు. కావిడి బద్ద గుర్తుందా? బరువు పడితే వంగి, అడుగు తీయగానే పైకి లేస్తుంది. ఇదీ అంతే. రిస్ట్ షాట్‌లో కింది చెయ్యి కర్రను మంచులోకి అదుముతుంది, పై చెయ్యి వెనక్కి లాగుతుంది, ఒళ్ళంతా వెనక కాలి మీదనుంచి ముందు కాలి మీదకి వాలుతుంది. కర్ర వంగేది ఆ వాలడానికే. అది తిరిగి నిటారయ్యేటప్పుడు పక్‌ను తోసేస్తుంది. పాత స్టిక్ మీద ఎంత వాలినా వంగేది కాదు కాబట్టి సరిగ్గా వాలానో లేదో కూడా నాకు తెలిసేది కాదు. ఇది వంగడం చేతికి తెలుస్తుంది. నాకు షాట్ నేర్పింది కోచ్ కంటే ఎక్కువగా ఈ కర్రే. రెండో నెలలో పక్ మొదటిసారి నెట్ పై మూలకి లేచింది.

కర్రను వెనక్కి ఎత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్‌కి మాత్రం దీనికి అంత మంచి మార్కులు వేయను. ఆ షాట్‌లో బ్లేడు ముందు పక్‌కి తగలదు, దాని వెనక మంచుకి తగులుతుంది. కర్ర వంగేది అక్కడే. ఆ తర్వాత పక్‌తో ఉండేది సెకనులో వందో వంతులు మూడో నాలుగో, అంతే. ఆ కాస్తలో మెత్తటి కర్ర నా చేతిలో మెలి తిరిగినట్టు ఉంటుంది, పక్ గోల్‌లోకి కాక రింక్ చుట్టూ ఉండే అద్దాల మీదకి పోతుంది. 2012లో ఎన్‌హెచ్‌ఎల్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) ఆల్‌స్టార్ పోటీలో గంటకు 108.8 మైళ్ళ షాట్ కొట్టిన ఆటగాడు జ్డెనో చారా వాడింది బాగా గట్టి స్టిక్. అయితే ఆయన ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. మనకెందుకు లెండి.

ఇక మన్నిక. కార్బన్ ఫైబర్ కదా, చెప్పి విరగదు. వారంటీ నెల రోజులే. నా మొదటి 75ది మూడో చలికాలంలో మామూలు పాస్ అందుకుంటుంటే కింది భాగంలో ఫట్‌మంది. అంతకుముందు ఎవరి స్కేటో తగిలి సన్నగా గీత పడింది, నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి ఆటకి ముందూ బ్లేడుకి చుట్టిన టేపుకి పైభాగాన గోరుతో రాసి చూస్తాను. రెండొందల డాలర్లకు పైనే పోయాయి, ఆ బాధ ఇంకా ఉంది. అయినా మళ్ళీ అదే ఫ్లెక్స్ కొన్నాను.

పిల్లలకి కొనేవాళ్ళకి ఒక మాట. ‘ఎలాగూ ఎదుగుతుందిలే’ అని పెద్దవాళ్ళ స్టిక్ కొని సగానికి కోయించకండి. చెప్పులకైతే ఆ లెక్క నడుస్తుందేమో. మా అమ్మాయి 36 కిలోలు, నా పాత 85 ముక్కతో ఏడాది ఆడి పాపం ఒక్క పక్ కూడా లేపలేకపోయింది. 40 ఫ్లెక్స్ జూనియర్ స్టిక్ ఇచ్చాక గరాజ్ గోడకి నా భుజం ఎత్తులో సొట్టలు పడుతున్నాయి.