ట్రిమ్మర్‌కు అక్రిలిక్ బేస్ ప్లేట్: న్యూటౌన్ బోర్డుల షాపు పని ఎట్లున్నది?

పాలమూరుల వడ్ల పని (చెక్క పని) చేసేటోళ్లందరికీ ఈ షాపు సంగతి తెల్వాలె. న్యూటౌన్ దిక్కు నేమ్ ప్లేట్లు, అక్రిలిక్ అక్షరాలు చేసే షాపు. లేజర్ మిషన్ ఉన్నది. మన పనిముట్ల పని వాళ్లకు కొత్త, అయినా మనసు పెట్టి చేసిచ్చిండ్రు.

ట్రిమ్మర్ అంటే చెక్క అంచులు కొట్టే, గాడులు తీసే చిన్న చేతి మిషన్. దాని అడుగుకు కంపెనీ ఇచ్చే నల్ల ప్లేటు చిన్నగుంటది. దర్వాజ అంచు గుండ్రం కొట్టేటప్పుడు ఆ ప్లేటు సగానికి పైన గాలిలనే ఉంటది. మూల తిరిగేకాడ చెక్క మీద ఆనేది పావు వంతే. మిషన్ జర ఒరిగిందంటే టేకు మీద గాటు పడ్డట్టే, అది పాలిష్‌ల దాగదు. అందుకే ఒక దిక్కు పొడుగు సాగిన నీటిబొట్టు ఆకారంల ప్లేటు కోయించిన. పొడుగు కొసకు చెక్క పిడి బిగించి, ఎడమచేత్తో అదిమిపట్టి నడిపిస్తే మిషన్ ఒరగమన్నా ఒరగదు. పైగా అక్రిలిక్ కిటికీ అద్దమోలె అవతలిది కనబడేటట్టు ఉంటది కాబట్టి కబ్జాల (తలుపు మడత బందుల) గుంత తీసేటప్పుడు పెన్సిల్ గీత, బిట్టు (మిషన్‌ల తిరిగి చెక్క కోసే ముక్క) రెండూ కనబడుతయి.

షాపుల పిలగాడు పాత ప్లేటును స్కానర్ మీద పెట్టి కంప్యూటర్‌ల గీసుకున్నడు. “అన్నా, నడుమ రంధ్రం ఎంత పెట్టాలె?” అన్నడు. “32 ఎంఎం పెట్టు తమ్మీ. కోసిన బిళ్ల పారెయ్యకు, దాని నట్టనడుమ 6 ఎంఎం రంధ్రం కొట్టియ్యి” అన్న. సీదా షీటు మీదికి పోకుండ ముందుగాల అట్ట ముక్క కోసి మిషన్‌కు పెట్టి చూసిండు. ఒక మర రంధ్రం జర పక్కకున్నది. మళ్లీ సరిచేసి, అప్పుడే అసలు షీటు కోసిండు. అట్టకు పైసలు అడగలే. నాకు ఈ షాపు నచ్చింది ఇక్కడనే.

ఆ బిళ్ల ఎందుకంటే, ప్లేటు నడుమ, బిట్టు నడుమ ఒక్కటి కాకపోతే, పట్టీకి ఆనించి గాడి తీసేటప్పుడు మిషన్ చేతిల తిరిగినప్పుడల్లా గాడి పక్కకు జరుగుతది. మరలు వదులుగ పెట్టి, బిళ్లను రంధ్రంల కూసోబెట్టి, కరెంటు తీసేసిన మిషన్‌ల 6 ఎంఎం సీదా కడ్డీ బిగించి బిళ్లల నుంచి దించిన. ప్లేటు దానంతటదే నడిమికి వచ్చింది. అప్పుడు మరలు గట్టిగ బిగించిన. లేజర్ కోతల పోయిన సందుకు బిళ్ల చుట్టు ఒక చుట్టు టేపు ఏస్తే లూజు ఉండదు.

ఇగ లోపాలు. 8 ఎంఎం షీటు షాపుల ఉండదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తరు, ఆగాలె. పాలీకార్బొనేట్ (అక్రిలిక్ లెక్కనే కనబడే ఇంకో రకం ప్లాస్టిక్) అడిగితే కోయమన్నరు, అంటే కోసేది లేదన్నరు. అది న్యాయమే, లేజర్ కింద అది మాడుతది. మర తల దిగే గుంత కూడ లేజర్‌తోని కాదు, మనమే డ్రిల్లింగ్ స్టాండ్ మీద తీసుకోవాలె. ఆ గుంత అడుగు సమంగ ఉండాలె. కోసు తల మరలు పెట్టి బిగిస్తే అక్రిలిక్‌ను విచ్చదీసినట్టయి రంధ్రం కాడ పగులు వస్తది. బల్లపరుపు తల మరలు, పాతవాటికంటే పొడుగువి, హార్డ్‌వేర్ షాపుల దొరుకుతయి. ప్లేటు మందం పెరిగినంత బిట్టు దిగుడు తగ్గుతది, అది లెక్కల పెట్టుకోండ్రి.

ఇంకోటి, పెద్ద జాగ్రత్త. సన్‌మైకా గమ్ము అంటితే మనకు థిన్నర్‌తోని తుడిచే అలవాటు ఉంటది. లేజర్ కోసిన అక్రిలిక్ అంచుకు థిన్నర్ గాని స్పిరిట్ గాని తగిలితే సన్నసన్న బీటలు వస్తయి. సబ్బు నీళ్లతోనే తుడువుండ్రి.

షీటుతోని కలిపి 450 రూపాయలు తీసుకున్నరు. పనికి తగ్గ రేటే. పోయేటప్పుడు పాత ప్లేటు ఒక్కటే కాదు, మిషన్ కూడ పట్టుకపోండ్రి, అట్ట ముక్క పెట్టి చూసుకునేందుకు. నేను ఇంకోటి చెప్పి వచ్చిన: గుండ్రటి టేబుల్ పైభాగం కోసేందుకు, వరుసగ మొల రంధ్రాలు ఉన్న పొడుగు ప్లేటు.