మెక్‌లారెన్ ఎఫ్1: ఎవరేమన్నా నా ఓటు దీనికే

సూపర్‌కార్లలో ఆల్ టైమ్ గ్రేటెస్ట్ ఏది అని మా ఫ్రెండ్స్‌లో ఏళ్ళుగా తెగని గొడవ. ఒకడు ఫెరారీ ఎఫ్40 అంటాడు, ఇంకొకడు బుగాటీ వేరాన్ అంటాడు, నేను మొదట్నుంచీ మెక్‌లారెన్ ఎఫ్1 (పేరు చూసి ఫార్ములా వన్ అనుకోకండి, రోడ్డు కారే) మనిషినే, ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ ఫెస్టివల్‌లో (కార్లని కొండ రోడ్డు మీద నడిపి చూపించే పండగ) దాన్ని చేతికందేంత దగ్గర్లో చూశాక ఇంక మారే ప్రసక్తే లేదు.

ఫోటోలు చూసి పెద్ద బండేమో అనుకున్నా, దగ్గరికెళ్తే ఎంత చిన్నగా ఉందో! ఇంజిన్ మూత తెరిచి పెట్టారు, లోపల గోడలకి బంగారు రేకు, నిజం బంగారమే. షోకి పెట్టింది కాదు అది, బాడీ మొత్తం కార్బన్ ఫైబర్ కదా, ఇంజిన్ వేడి దానికి తగలకుండా తిప్పికొట్టడానికి. డ్రైవర్ సీటేమో సరిగ్గా మధ్యలో, ఇద్దరు ప్యాసింజర్లు కాస్త వెనగ్గా అటొకరు ఇటొకరు. నడిపే ఆయన డోర్ పైకి లేపి, పక్క సీటు మీదుగా కాలేసి, ఒళ్ళు వంచి మెల్లగా లోపలికి జారాడు, ఎక్కడానికే అంత తంటా అన్నమాట, టోల్ గేట్ దగ్గర చెయ్యి చాపినా అందదు.

బరువు 1138 కేజీలే. గోర్డన్ మర్రే ఒక్కో గ్రాము లెక్కపెట్టి చేసిన డిజైన్, టూల్ కిట్ కూడా టైటానియమే. ఇంజిన్ బీఎండబ్ల్యూ వాళ్ళ 6.1 లీటర్ల వీ12, అంటే 12 సిలిండర్లు, 618 హార్స్‌పవర్, టర్బో (గాలిని ఇంజిన్‌లోకి బలంగా తోసి పవర్ పెంచేది) లేదు. 1998లో రేసింగ్ డ్రైవర్ ఆండీ వాలెస్ దీన్ని 386 కిలోమీటర్ల స్పీడ్ దాకా తీసుకెళ్ళాడు. వేరాన్ 2005లో 407 కొట్టింది, ఒప్పుకుంటా, కానీ దానికి 16 సిలిండర్లు, 4 టర్బోలు, వెయ్యి దాకా హార్స్‌పవర్ కావాల్సొచ్చింది, అదీ తేడా.

ఎఫ్40ని మాత్రం తీసిపారెయ్యలేను. కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన ఆఖరి ఫెరారీ, లోపల డోర్ హ్యాండిల్ బదులు ఒక తాడు, అంత మొరటుగా, అంత నిజాయితీగా ఉంటుంది, నా రెండో ఓటు దానికే. కానీ ఎఫ్1 రోడ్డు కోసం పుట్టిన కారు, దాని రేసింగ్ వెర్షన్ 1995లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్‌కి వెళ్ళి 24 గంటల రేసు గెలిచేసిందంటే, అదీ మొదటిసారికే, ఇంకేం మాట్లాడతాం?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి ఊరికే తిరక్కుండా చూసేది) లేదు, తడి రోడ్డు మీద కొత్తవాళ్ళ చేతికిస్తే ప్రమాదమే. చేసినవే మొత్తం 106, 2021లో అమెరికాలో పెబుల్ బీచ్ వేలంలో ఒకటి 2 కోట్ల డాలర్లు దాటి పోయింది, మనలాంటోళ్ళకి చూసే భాగ్యమే.

ఆ రోజు కొండ ఎక్కడానికి స్టార్ట్ చేశారు చూడండి, ఆ కారు గాలి పీల్చుకునేది డ్రైవర్ నెత్తిమీదున్న రంధ్రంలోంచే, గేరు మారినప్పుడల్లా ఆ సౌండ్ గుండెల్లో మోగింది, చెట్ల వెనక్కి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు వినిపిస్తూనే ఉంది, పక్కనున్న ముసలాయనా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం, ఇద్దరికీ మాట రాలేదు.