భద్రాచలం దారిలో బొగ్గు ఊళ్లు: కొత్తగూడెం, ఇల్లెందులో ఏం చూడాలి, ఎక్కడ తినాలి

భద్రాచలం వెళ్లేవాళ్లలో చాలామంది కొత్తగూడెంలో బస్సు కూడా దిగరు. రైల్లో వచ్చేవాళ్లకు మాత్రం తప్పదు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలోనే, రాములవారి గుడి అక్కణ్నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. ఎలాగూ దిగారు కాబట్టి ఒక రోజు ఆగండి. నన్నడిగితే ఈ యాత్రలో సగం విలువ ఆ రోజుదే.

సికింద్రాబాద్‌లో రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే దించేస్తుంది. ఆ వేళకే టిఫిన్ బండ్ల దగ్గర పొయ్యిలు వెలుగుతుంటాయి. మొదటి షిఫ్టుకు బాయికి, అంటే బొగ్గు గనికి, పోయేవాళ్లు నిలబడే తినేసి బండెక్కుతారు. మైసూరు బజ్జీ పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంది. పల్లీ చట్నీలో పచ్చిమిర్చి దండిగా వేశారు. తర్వాత ఏసీ హోటల్లో తిన్న దోశ దీనికి సాటి రాలేదు.

బసకు కూడా కొత్తగూడెమే మేలు. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి భద్రాచలంలో గది దొరకడం కష్టం, శని ఆదివారాల్లోనూ రద్దీయే. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ ఉదయం ఏడు దాటితే వేడినీళ్లు రావన్న సంగతి డబ్బులు కట్టాక చెప్పారు. గది తీసుకునేముందే అడగండి.

ఇల్లెందుకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ చుట్టుపక్కలే బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇక్కడే తవ్వకం మొదలుపెట్టింది. దగ్గర్లోని సింగరేణి ఊరి పేరే తర్వాత బొగ్గు కంపెనీ పేరైంది. పాతవాళ్ల నోట ఈ ఊరు ఇప్పటికీ బొగ్గుట్టే. గనుల్లోకి మనల్ని ఊరికే పంపరు, రోడ్డు మీంచి ఓపెన్ కాస్టుల (నేలను పైనుంచే తవ్వే గనుల) మట్టి గుట్టలు చూడాల్సిందే. అసలు ఇల్లెందు మనుషుల దగ్గరుంది. టీ కొట్టు దగ్గర ఒక రిటైరైన కార్మికుడు "ఏ ఊరు బిడ్డా మీది?" అని పలకరించి, తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు ఎత్తిన రోజులు చెప్పుకొచ్చాడు. ముంజేతి మీద నీలంగా, పచ్చబొట్టులాంటి గీత ఒకటి చూపించాడు. పైనుంచి బొగ్గుపెళ్ల రాలి తగిలిన గాయమట. చర్మం మానింది గానీ లోపలికి పోయిన మసి అలాగే ఉండిపోయింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఇక్కడ మొదటి బాయి తవ్వారని చెప్పే బోర్డు ఒక్కటీ మా కంట పడలేదు. బాధేసింది. పాత గనుల దారి చూపించే మనిషినొకరిని పెడితే, భద్రాచలం వెళ్లే జనంలో కొందరైనా ఇటు తిరుగుతారు.

పిల్లలుంటే కిన్నెరసాని. పాల్వంచ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, షేర్ ఆటో కన్నా మాట్లాడుకున్న ఆటో నయం, తిరుగు ప్రయాణానికి ఇబ్బంది ఉండదు. థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్ల కోసం కట్టిన ప్రాజెక్టు ఇది, చుట్టూ అభయారణ్యం. జింకల పార్కు బాగుంది. రిజర్వాయర్లో మొసళ్లుంటాయి, నీళ్ల అంచుకు పిల్లల్ని పోనివ్వొద్దు. వేయించిన చేప ముక్కలు దొరికితే వదలకండి, వేడివేడిగా పెనం మీంచి దించినవే అడిగి తీసుకోండి.

భద్రాచలంలో దర్శనమయ్యాక రామదాసు చేయించిన నగలు చూడండి. ఆయన తహశీల్దారుగా పనిచేసింది పాల్వంచ పరగణాకే. మధ్యాహ్నం గోదావరి చేపల పులుసుతో భోజనం చేశాం. పులుపు తగుమాత్రంగా ఉంది, అన్నం మారు వడ్డించారు. పర్ణశాల మరో 35 కిలోమీటర్లు. టైం తక్కువైతే దాన్ని వదిలేసి ఇల్లెందునే ఉంచుకోండి.

మే నెలలో మాత్రం రావొద్దు, ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం, ఆ తేదీకి కుదిరితే ఇంకా మంచిది.